ఆటోనగర్ బ్రేకు మేస్త్రి షెడ్డు: ఐదుకి నాలుగు స్టార్లు

మాది విజయవాడ మొగల్రాజపురంలో కర్రీ పాయింట్. రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా పటమటలో రెండు హాస్టళ్ళకి భోజనం చేరాలి. బండి 2012 వ్యాగనార్. వెనక సీటు మడిచి సాంబారు క్యాన్లు, అన్నం గిన్నెలు సర్దుతాను. బ్రేకు సరిగ్గా పడకపోతే మిగతావాళ్ళకి గుండెదడ ఒక్కటే, నాకు దడతో పాటు ఇరవై లీటర్ల సాంబారు కూడా.

బ్రేకు వేస్తే బండి ఎడమకి లాగుతోందని పోయిన నెల దగ్గర్లోనే ఒక షెడ్డులో ఇచ్చాను. ముందు చక్రాల క్యాలిపర్లు (బ్రేకు ప్యాడ్లని డిస్కుకి అదిమే భాగాలు) రెండూ విప్పి రబ్బరు సీళ్ళ కిట్లు మార్చారు, కొత్త ప్యాడ్లు వేశారు, వెనక చక్రాల డ్రమ్ముల్లో ఆనే షూలు మార్చారు. మొత్తం 6,800. లాగడం ఆగిపోయింది, అది ఒప్పుకోవాలి. కానీ పెడల్ నొక్కితే రుబ్బిన ఇడ్లీ పిండిలో కాలు పెట్టినట్టు సగం దాకా మెత్తగా దిగిపోయేది, ఆ తర్వాత ఎప్పటికో పట్టేది. "కొత్త ప్యాడ్లు కదా మేడమ్, నాలుగు రోజులు తిరిగితే సెట్టవుతాయి" అన్నారు.

మూడో రోజే బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ముందున్న ఆటో టక్కున ఆగింది. ఒకసారి నొక్కితే చాల్లేదు. వదిలి మళ్ళీ నొక్కితే జానెడు దూరంలో ఆగింది బండి. క్యాను మూత లేచి సాంబారు నా వీపు దాకా వచ్చింది. ఆ ఆటో అతను దిగి తిట్టబోయి, నన్ను చూసి "ఏంటక్కా, ఇంత పులుపు వాసన" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. షెడ్డుకి తీసుకెళ్తే రెండుసార్లు ఎయిర్ తీశారు, అంటే బ్రేకు ఆయిల్‌లో చిక్కిన గాలి బయటికి వదలడానికి చూశారు. తేడా లేదు. చివరికి మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది) పోయింది, కొత్తది వేయాలన్నారు. అప్పటిదాకా బాగున్నది సరిగ్గా ప్యాడ్లు మార్చిన రోజే ఎలా పోయిందయ్యా అంటే జవాబు లేదు.

మాకు బియ్యం తెచ్చే డ్రైవరు చెబితే ఆటోనగర్‌లో ఈ మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. ఆటోనగర్ గేటు నుంచి లోపలికి, లారీ బాడీలు కట్టే షెడ్లు దాటాక. బోర్డు మీద పెయింటు వెలిసి "బ్రేక్ వర్క్స్" అన్న రెండు ముక్కలే మిగిలాయి. అరవై దాటిన మనిషి, ఎప్పుడూ చిరాగ్గానే మాట్లాడతాడు.

నాకు నచ్చింది ఏంటంటే, మొదటి అరగంట ఆయన పానా ముట్టుకోలేదు. ముందు ఒక్కటే అడిగాడు: "మొన్న ఏమేం విప్పారమ్మా?" అంతా చెప్పాను. సీట్లో కూర్చుని ఇంజన్ ఆపే పెడల్ చకచకా మూడుసార్లు నొక్కాడు. నొక్కినకొద్దీ పైకొచ్చి గట్టిపడింది. అలాగే అదిమిపట్టి నిమిషం సేపు కదలకుండా కూర్చున్నాడు. పెడల్ కిందికి జారలేదు. "మాస్టర్ లోపల లీకైతే కాలి కింద మెల్లగా కూరుకుపోతుంది. ఇది నిలబడింది. దీనికి కొత్తది వేస్తే డబ్బులు దండగ." తర్వాత మళ్ళీ నాలుగైదు సార్లు నొక్కి బూస్టర్‌లో (ఇంజన్ వాక్యూమ్‌తో కాలి బలానికి సాయపడే డబ్బా) మిగిలిన వాక్యూమ్ పోగొట్టి, కాలు తీయకుండా స్టార్ట్ చేశాడు. పెడల్ కొంచెం దిగింది. బూస్టర్ కూడా బాగానే ఉందన్నమాట. నాలుగు చక్రాల లోపలివైపూ తడి ఉందేమో వేలితో తడిమి చూశాడు. లీకు లేదు.

హ్యాండ్ బ్రేకు లాగితే తొమ్మిది కిట్‌కిట్‌లు వచ్చాయి. అదీ ఆయనకి నచ్చలేదు. వెనక డ్రమ్ములు విప్పి చూస్తే కొత్త షూలు డ్రమ్ముకి బాగా ఎడంగా ఉన్నాయి, ఆ ఎడం తగ్గించే అడ్జస్టరు తిప్పనే లేదు. షూలు వెళ్ళి డ్రమ్ముకి ఆనేలోపే పెడల్ దూరం సగం అయిపోతోంది. అది సరిచేసేసరికి కొంత మెరుగైంది కానీ ఆ మెత్తదనం పూర్తిగా పోలేదు.

అప్పుడు పళ్ళు లేని ఒక క్లాంపు జత తీసి ముందు చక్రాల రబ్బరు పైపులు రెండూ జాగ్రత్తగా బిగించి, నన్ను నొక్కమన్నాడు. రాయిలా ఉంది! ఒకటి వదిలితే మెత్తబడింది, రెండోది వదిలితే ఇంకా మెత్తబడింది. రోగం ముందు రెండు చక్రాల్లోనే ఉంది. చక్రాలు విప్పి ఒక్క చూపు చూసి, వాళ్ళ కుర్రాణ్ణి పిలిచి చూపించాడు. "నిపుల్ ఎటుందిరా?" నిపుల్ అంటే ఎయిర్ తీసే చిన్న మర. అది కిందికి ఉంది. మొదటి షెడ్డులో కుడి క్యాలిపర్ ఎడమకి, ఎడమది కుడికి బిగించారట. నూనె సీసా ఎలా వంచినా బుడగ పైకే చేరుతుంది కదా. అలాగే గాలి క్యాలిపర్ పైభాగంలో ఉండిపోతే, కింద ఉన్న నిపుల్‌లోంచి ఎన్నిసార్లు తీసినా ఆయిలే వస్తుంది, గాలి రాదు. రెండుసార్లు ఎయిర్ తీసినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదీ.

క్యాలిపర్లు అటూ ఇటూ మార్చాక ఎయిర్ తీయడానికి నన్నే సీట్లో కూర్చోబెట్టాడు. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టాడు. పాత బండిలో పెడల్ అడుగంటా తొక్కితే, ఎప్పుడూ వాడని చోట పేరుకున్న తుప్పు మీద మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లు రాసుకుని చిరుగుతాయట. "నొక్కు... పట్టుకో... ఆఁ, వదులు." సీసాలోకి పెట్టిన తెల్ల ట్యూబులో బుడగలు పూరీల నూనెలో లేచినట్టు లేచాయి. తర్వాత సన్నగా, తర్వాత ఒక్కటీ లేదు. పెడల్ పైనే పట్టింది.

ఆయిల్ మాత్రం సీలు తీయని డబ్బా తెప్పించాడు. సగం వాడి మూత పెట్టినది వాడడట. వానాకాలం ఉప్పులా అది గాలిలో తేమ లాక్కుంటుంది. కొత్త డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పడితే ఆ హద్దు 140కి దిగిపోవచ్చు. మరిగి ఆవిరైతే పెడల్ మళ్ళీ మెత్తన. రెండేళ్ళకోసారి మార్చమన్నాడు. ఒక చుక్క మడ్‌గార్డు మీద పడితే వెంటనే నీళ్ళు కొట్టించాడు, పెయింటు తినేస్తుందని.

మొత్తం 1,150 అయింది, ఆయిల్‌తో కలిపి. బిల్లు ఇవ్వడు, ఫోన్‌పే తీసుకుంటాడు. చక్రాలు బిగించాక ఆయన నడపలేదు, నన్నే పక్కన ఖాళీ రోడ్డు మీద తోలమన్నాడు, ముందు మెల్లగా, తర్వాత నలభైలో. "రోజూ తొక్కేది నీ కాలు, చెప్పాల్సింది అదే."

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, తొమ్మిదికి రమ్మని పదిన్నరకి షట్టర్ తీశాడు. ఆ రోజు హాస్టళ్ళకి భోజనం మా చెల్లెలు ఆటోలో మోసుకెళ్ళింది. కూర్చోడానికి ఒక్క ప్లాస్టిక్ స్టూలు, దానికి మూడు కాళ్ళే సరిగ్గా ఉన్నాయి. ఏదైనా రెండోసారి అడిగితే విసుక్కుంటాడు. ఒంటిగంటకి భోజనానికి వెళ్తే మూడింటిదాకా రాడు, కాబట్టి పొద్దున్నే వెళ్ళండి, అంటే పదిన్నరకి.

వచ్చేటప్పుడు మీ దగ్గర గోంగూర పప్పు చేస్తారా అని అడిగాడు. ఆ గురువారమే పంపించాను. క్యారియర్ ఇంకా వెనక్కి రాలేదు.