ఆరిఫిస్ ప్లేటు అంచు కొలతకు సిలికాన్ అచ్చు: ఆరేళ్ల వాడకం తరువాత

గ్యాస్ మీటరింగ్‌లో ఆరిఫిస్ ప్లేట్లను తనిఖీ చేయడం నా పని. ఆరిఫిస్ ప్లేటంటే గొట్టంలో అడ్డంగా అమర్చే, నడుమ రంధ్రమున్న బిళ్ల; దాని ముందు వెనకల పీడన వ్యత్యాసాన్ని బట్టి మీటరు ప్రవాహాన్ని లెక్కిస్తుంది. ప్రవాహం ఎదురొచ్చే వైపున రంధ్రపు అంచు అరిగి గుండ్రబడితే డిశ్చార్జి గుణకం (అసలు ప్రవాహానికీ సిద్ధాంతపు లెక్కకూ ఉన్న నిష్పత్తి) పెరిగి, అదే ప్రవాహానికి పీడన వ్యత్యాసం తగ్గి, మీటరు అసలు కంటే తక్కువ చూపిస్తుంది. ఆ నష్టం గ్యాసు అమ్మేవారిది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 5167-2 ప్రకారం అంచు వ్యాసార్ధం రంధ్రపు వ్యాసంలో 0.0004 వంతుకు మించకూడదు, అంటే 60 మి.మీ. రంధ్రానికి 24 మైక్రాన్లు. రంధ్రం 25 మి.మీ. లేదా అంతకన్నా పెద్దదైతే, అంచు మీద వెలుగు మెరవకపోవడాన్ని కంటితో చూసుకుంటే సాధారణంగా చాలునని ఆ ప్రమాణమే చెబుతుంది. అయితే బిల్లు మీద తగవు వచ్చిన రోజున కంటిచూపు సాక్ష్యాన్ని అవతలివారు ఒప్పుకోరు.

మొదట్లో సీసపు రేకును అంచుకు నొక్కి గాటు తీసేవాళ్లం. చెయ్యి ఏమాత్రం కదిలినా గాటు వెడల్పయ్యేది. ఇప్పుడు రెండు భాగాలు కలిపే సిలికాన్‌తో అచ్చు తీసి, పలుచటి ముక్కగా కోసి, వస్తువు నీడను తెర మీద పెద్దదిగా చూపే ప్రొఫైల్ ప్రొజెక్టర్‌పై వంద రెట్లు పెంచి చూస్తున్నాను. 24 మైక్రాన్ల వ్యాసార్ధం తెర మీద 2.4 మి.మీ. అవుతుంది కనుక వృత్తాల చార్టుతో సరిచూడడం తేలిక. ఒక్కో ప్లేటుకు చుట్టూ నాలుగు చోట్ల అచ్చు తీస్తాను, ఎందుకంటే గోకుడు దెబ్బ ఒకవైపే ఉండవచ్చు.

దీనిలో చిక్కంతా కోతలోనే ఉంది. బ్లేడు వ్యాసార్ధ దిశలో నిలువుగా దిగకుండా ఏటవాలుగా పోతే వంపు సాగి, మంచి ప్లేటు కూడా అరిగినట్టే కనిపిస్తుంది. ఆ పొరపాటుతో మొదటి ఏడాది నేను ఒక ప్లేటును తిరస్కరించి, మళ్లీ కోసి చూసుకుని నాలుక కరుచుకున్నాను. మరొకసారి అచ్చు గంట గడిచినా గట్టిపడక జిగటగానే ఉండిపోయింది. కారణం మా రబ్బరు చేతి తొడుగులు: లేటెక్స్‌లోని గంధక పదార్థాలు ఈ రకం సిలికాన్‌ను గట్టిపడనివ్వవు. నైట్రైల్ తొడుగులకు మారాక ఆ బెడద తీరింది.

చిన్న రంధ్రాలకు మాత్రం దీన్ని నమ్మను. 12 మి.మీ. రంధ్రానికి పరిమితి అయిదు మైక్రాన్ల లోపు, తెర మీద అర మిల్లీమీటరు కూడా ఉండదు. అక్కడ నీడ గీత మందమే తీర్పును మింగేస్తుంది. అలాంటి ప్లేట్లను స్టైలస్‌తో ఆకృతి గీసే యంత్రం ఉన్న ల్యాబుకు పంపిస్తున్నాను.