మణికట్టు విరిగితే సిమెంటు పట్టీయా, తీగలా?

తడి గచ్చు మీద జారి, చేయి ఆనించి పడ్డప్పుడు మణికట్టు ఎముక పక్కకు జరిగితే, వరంగల్ ఆసుపత్రుల్లో ఇంటివాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: సిమెంటు పట్టీ చాలునా, చర్మం గుండా ఎముకలోకి దించే సన్నని లోహపు తీగలు వేయించాలా? రెండింటికీ ముందు మత్తిచ్చి ఎముకను లాగి సరిచేయవలసిందే. దానిని కదలకుండా నిలిపే పద్ధతిలోనే తేడా ఉంది.

ఈ రెండు పద్ధతులనూ పోలుస్తూ బ్రిటన్‌లో 500 మంది పెద్దవారిపై జరిగిన డ్రాఫ్ట్-2 అధ్యయనం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఏడాది తర్వాత నొప్పిలోనూ, చేతి పనితనంలోనూ రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే పట్టీ వేసినవారిలో సుమారు 13 శాతం మందికి మొదటి ఆరు వారాల్లోనే ఎముక మళ్లీ జారి ఆపరేషన్ అవసరమైంది. తీగల వర్గంలో ఆ అవసరం ఒక్కరికే వచ్చింది. నా దృష్టిలో నిర్ణయానికి ఆధారం కావలసిన అంకె ఇదే.

ఖర్చు: పట్టీకి తక్కువ, తీగలకు ఆపరేషన్ థియేటర్ కావాలి.

శ్రమ: తీగలు వేసినా పైన పట్టీ తప్పదు. చర్మం బయట వంచి వదిలిన తీగ కొసలను కొన్ని వారాల తర్వాత సాధారణంగా ఓపీలోనే పట్టుకారుతో లాగేస్తారు. చూసేవారికే భయం ఎక్కువ.

ప్రమాదం: తీగ దిగిన చోట చీము పట్టవచ్చు. పట్టీ బిగిసి వేళ్లు వాచినా, తిమ్మిరెక్కినా వెంటనే చూపించాలి.

మొదటి రెండు వారాలూ ఎక్స్‌రేకు తప్పక రాగల హనుమకొండవాసికి పట్టీతో మొదలుపెట్టడమే మేలు. ములుగు అవతలి పల్లెల నుంచి మళ్లీ మళ్లీ రాలేనివారు, తీగల చోటును శుభ్రంగా ఉంచుకోగలిగితే, తీగల గురించి డాక్టరును అడగవచ్చు. కీలు ముక్కలై, కోసి సరిచేయవలసిన విరుపులకు ఈ పోలిక వర్తించదు.