బాత్‌రూమ్ నేలకు గోడ టైల్స్ అంటగట్టారు, కొనేవాళ్లు జాగ్రత్త

బాత్‌రూములు కట్టించుకుంటున్నవాళ్లు, మార్పించుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. షాపు పేరు రాయడం లేదు. పెద్ద షోరూమ్, ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతారు, మీలో కొందరు అక్కడే కొని ఉంటారు.

రెండు బాత్‌రూముల నేలకి టైల్స్ కావాలని వెళ్లాం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, జారనివే కావాలని మొదటే చెప్పాను. శాంపిల్ చూపించారు. మ్యాట్ ఫినిష్, చేత్తో రాస్తే గరుగ్గా తగిలింది. సరే అని ఆర్డర్ ఇచ్చేశాను. బిల్లు మీద రంగు, సైజు తప్ప ఇంకేమీ రాయలేదని అప్పుడు చూసుకోలేదు. అది నా తప్పే.

టైల్స్ పరుస్తున్న రోజు మేస్త్రీ నన్ను పిలిచాడు. "ఇవి కట్టర్ ఆనించగానే తెగిపోతున్నాయండీ, నేల టైల్ ఇంత మెత్తగా ఉండదు, ఒకసారి షాపువాళ్లని అడగండి" అన్నాడు. అప్పటికి రెండు వరసలే వేశాడు. ఆపడానికి అంతకన్నా మంచి సమయం లేదు. వెంటనే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. నాకు అమ్మిన మనిషే ఎత్తాడు. "అవి ఫ్లోర్ టైల్సే మేడమ్, మేస్త్రీలు అలాగే అంటారు, మీరు వేయించేయండి, నాది పూచీ" అన్నాడు. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. నేను ఆ మాట నమ్మి, ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మేస్త్రీ మాట పక్కన పెట్టాను. దీనికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

వాడకం మొదలుపెట్టిన మూడో రోజే అమ్మ జారింది. గోడ పట్టుకుంది కాబట్టి మణికట్టు బెణకడంతో పోయింది. తడి కాలు పెడితే నాకే పట్టు దొరకడం లేదు. బకెట్ జరిపిన చోట అప్పుడే గీతలు పడ్డాయి.

మిగిలిన బాక్సు పట్టుకుని షోరూమ్‌కి వెళ్లాను. అతను దాన్ని పక్కకి తిప్పి, చిన్న అక్షరాల మీద వేలు పెట్టి, "వాల్ అని రాసే ఉంది కదా, చదువుకోరా?" అన్నాడు. నిన్న మొన్న పూచీ అన్న మనిషే! "ఫోన్‌లో మీరే కదా ఫ్లోర్ టైల్స్ అన్నారు" అంటే, "నేనన్నట్టు రుజువేంటి? వేసేశాక రిటర్న్ లేదు" అని, నా ముందే పక్కనున్నవాళ్లకి శాంపిల్ చూపించడం మొదలుపెట్టాడు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. డబ్బు పోయినదానికన్నా అది ఎక్కువ మండుతోంది.

ఇప్పుడు పగలగొట్టాలంటే టైల్స్‌తో ఆగదు. కింద చేయించిన వాటర్‌ప్రూఫింగ్ కూడా దెబ్బతింటుంది, వాలు మళ్లీ సరిచేసుకోవాలి.

మీరైనా ఈ తప్పు చేయకండి. సెరామిక్ గోడ టైల్ నీళ్లు బాగా పీలుస్తుంది, దాని బరువులో 10 శాతానికి పైనే. నేలకి వేసే విట్రిఫైడ్ (గాజులా గట్టిపడేదాకా కాల్చిన టైల్) అయితే 0.5 శాతం దాటదు. టైల్ వెనక్కి తిప్పి కాసిని నీళ్లు పొయ్యండి. గోడదైతే చూస్తుండగానే లోపలికి ఇంకిపోతాయి, విట్రిఫైడ్ మీద అలాగే నిలబడతాయి. ఇంట్లో నేనిది చేసింది అమ్మ పడ్డాక. జారకుండా ఉండేదానికి ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా గ్రేడులుంటాయి, బాత్‌రూమ్ నేలకి కనీసం ఆర్ 10 అడగండి. అది, "ఫ్లోర్" అనే మాట, బ్యాచ్ నంబరు, మూడూ బిల్లు మీద రాయించుకోండి. బాక్సులు దించగానే ఒకటి విప్పి శాంపిల్ పక్కన పెట్టి చూడండి. ఇంకో మాట, షాపువాడితో ఏం మాట్లాడినా మెసేజ్‌లోనే మాట్లాడండి.

వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకి బాక్సు, బిల్లు, ఫోటోలు సిద్ధం చేశాను. ఆ ఫోన్ విన్నానని చెప్పడానికి మేస్త్రీ ఒప్పుకున్నాడు. పగలగొట్టడం రేపు పొద్దున మొదలు.