ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ‘క్యాన్సర్ ప్యాకేజీ’: డబ్బుకు తగ్గ సరుకేనా?

ల్యాబ్ యాప్ ఏది తెరిచినా ‘ఫుల్ బాడీ చెకప్’ పక్కనే ‘క్యాన్సర్ స్క్రీనింగ్’ అని ఇంకో డబ్బా కనిపిస్తోంది. ఆడవాళ్లకు ఒకటి, మగవాళ్లకు ఒకటి. పొద్దున్నే ఇంటికొస్తారు, ఒక్క సూది, సాయంత్రానికో మర్నాటికో ఫోన్‌లో పీడీఎఫ్. సౌకర్యానికి వంక పెట్టలేం. పేరు మారినా లోపలి సరుకు అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే కాబట్టి ఈ సమీక్ష ఫలానా కంపెనీ మీద కాదు, ఆ ప్యాకేజీ మీదే.

విప్పి చూస్తే ఉండేవి ట్యూమర్ మార్కర్లు, అంటే కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే పదార్థాల కొలతలు: సీఈఏ, సీఏ-125, సీఏ 15-3, సీఏ 19-9, ఏఎఫ్‌పీ. మగవాళ్లకైతే ప్రోస్టేట్ గ్రంథికి సంబంధించిన పీఎస్‌ఏ. వాటికి రక్తకణాలు లెక్కపెట్టే సీబీసీ, లివర్ ఫంక్షన్ లాంటివి జోడించి పరీక్షల అంకె పెంచుతారు. ఈ మార్కర్లు పనికిమాలినవేమీ కావు. క్యాన్సర్ ఉందని బయాప్సీలో తేలినవాళ్లకు మందు పట్టిందా, జబ్బు తిరగబెట్టిందా అని చూసుకోవడానికి డాక్టర్లు రోజూ వాడతారు. ఒంట్లో ఏ ఇబ్బందీ లేని మనిషిలో క్యాన్సర్‌ను వెతకడానికి వాడితేనే తేడా కొడుతుంది.

సీఏ-125 సంగతే చూడండి. 35 యూనిట్లు దాటితే రిపోర్టులో ఎర్రగా వస్తుంది. నెలసరి రోజుల్లో పెరుగుతుంది, గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లో పెరుగుతుంది, గర్భంలో, ఫైబ్రాయిడ్లలో (గర్భసంచిలో వచ్చే మామూలు గడ్డలు), పొట్టకు టీబీ సోకినా, లివర్ చెడి పొట్టలో నీరు చేరినా పెరుగుతుంది. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా ఆడవాళ్లతో చేసిన ట్రయల్ తుది ఫలితాలు 2021లో వచ్చాయి. ఏటా సీఏ-125 చూసినా, స్కానింగ్ చేసినా అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. సీఈఏ పొగతాగేవాళ్లలో మామూలుగానే కాస్త ఎక్కువ. సీఏ 19-9 పిత్తనాళంలో రాయి అడ్డం పడినా పెరుగుతుంది. అసలు ఆ పదార్థమే తయారుకాని శరీరతత్వం కొందరిది. వాళ్లకు క్లోమ క్యాన్సర్ ముదిరినా రిపోర్టు చల్లగానే ఉంటుంది.

లెక్క కూడా ఒకసారి వేసుకోండి. ఒక్కో మార్కర్ నూటికి అయిదుగురు ఆరోగ్యవంతుల్లో ఊరికే పెరుగుతుందనుకుందాం. ఆరు మార్కర్లు కలిపి చేస్తే, కనీసం ఒకటైనా ఎర్రగా వచ్చేవాళ్లు నూటికి ఇరవై ఆరుగురు అవుతారు. ‘ఎక్కువ పరీక్షలు, ఎక్కువ భద్రత’ అనే ప్రచారం ఇక్కడ తిరగబడుతుంది. ఆ ఎర్ర అంకె వెనకే సీటీ, పెట్ స్కాన్, ఎండోస్కోపీ, నిద్రలేని రాత్రులు వరుస కడతాయి.

అంతకంటే చేటు చేసేది ‘నార్మల్’ రిపోర్టు. మొదటి దశ రొమ్ము క్యాన్సర్‌లో సీఏ 15-3 చాలామందికి మామూలుగానే ఉంటుంది. చేతికి గడ్డ తగులుతున్నా ‘మొన్ననే క్యాన్సర్ టెస్ట్ చేయించాను, ఏం లేదన్నారు’ అని ఊరుకుంటే, పోయే ఆ నాలుగు నెలలకు ఏ ల్యాబూ పూచీ పడదు.

మన దేశంలో ఎక్కువగా కనిపించేవి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు. ఈ మూడింటిలో ఏదీ రక్తం గొట్టంలో దొరకదు. ఒకరు కూర్చోబెట్టి చూడాలి, తడమాలి.

నోటి పరీక్షకు కావాల్సింది టార్చి, గ్లవ్స్, గాజుగుడ్డ, అయిదు నిమిషాల ఓపిక. పెదవుల లోపలి భాగం, రెండు బుగ్గలు, చిగుళ్లు, అంగిలి, నాలుక కింద. నాలుకను గాజుగుడ్డతో పట్టుకుని పక్కకు లాగి అంచులు చూడాలి. గీకితే పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, మూడు వేళ్లు నిలువుగా పట్టనంతగా బిగుసుకున్న నోరు కనిపిస్తే పెద్దాసుపత్రికి పంపాలి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ‘అడ్డపొగ’ తాగే ఆడవాళ్లకు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకునేవాళ్లకు, గట్టి అంగిలి మీదే జబ్బు వస్తుంది. తల వెనక్కి వంచి చూడకపోతే అది కనపడదు. గుట్కా, ఖైనీ అలవాటు లేదని ధీమాగా చెప్పేవాళ్లు వక్కను లెక్కలోకి తీసుకోరు. పొగాకు కలపని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. తిరువనంతపురం జిల్లాలో మూడేళ్లకోసారి ఇలా నోరు తెరిచి చూసిన ట్రయల్‌లో పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ల నోటి క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయి. ఖర్చు చూస్తే దీన్ని మించిన క్యాన్సర్ పరీక్ష లేదు, దాన్నేమో ఏ ప్యాకేజీలోనూ పెట్టరు.

ఇక ప్రభుత్వ సర్వీసు. ముప్ఫై దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు మూడూ ఉచితంగా చేయాలని 2016 కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముందు ఆశా కార్యకర్త ఇంటికొచ్చి వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వ్యాయామం, కుటుంబ చరిత్ర అడిగి మార్కులు వేస్తుంది. నాలుగు దాటితే ముందుగా పరీక్షకు రమ్మంటారు. ల్యాబ్ యాప్ అడిగే ప్రశ్నల కంటే ఈ కాగితమే నయం. అయితే నాలుగు లోపు వచ్చినవాళ్లకు పరీక్ష అక్కర్లేదని కాదు, ఈ పొరపాటు తరచూ జరుగుతుంది.

గర్భాశయ ముఖద్వారానికి అక్కడ చేసేది ‘వయా’. 5 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో, అంటే ఘాటు వెనిగర్ లాంటి ద్రవంలో, దూది ముంచి ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట దట్టంగా తెల్లబడుతుంది. నూరు మిల్లీలీటర్లు కావాలంటే 5 మిల్లీలీటర్ల గ్లేషియల్ (నీరు కలపని) ఎసిటిక్ యాసిడ్‌కు 95 డిస్టిల్డ్ వాటర్ కలపాలి, ఏ రోజుకారోజు. పరీక్ష చెడేది ఇక్కడే: నిన్నటి ద్రవం వాడతారు, నిమిషం ఆగరు, లైటు చాలదు. క్యాంపులో పొడవాటి క్యూ ఉంటే ఆ నిమిషమే ముందు ఎగిరిపోతుంది. నెలసరి ఉంటే వాయిదా వేసుకోండి. యాభై దాటాక చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి వయా మీద ఆధారపడకూడదు.

ముంబై బస్తీల్లో రెండేళ్లకోసారి నాలుగు విడతలు వయా చేస్తే ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. మహారాష్ట్ర ఉస్మానాబాద్ పల్లెల్లో ఒకే విడత చేస్తే చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. అదే జిల్లాలో, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్ష ఒక్కసారి చేసినవాళ్లలో మాత్రం మరణాలు సగానికి పడిపోయాయి. అందుకే 2021 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్షకే మొదటి పీట వేస్తోంది: ముప్ఫై నుంచి మొదలుపెట్టి అయిదు నుంచి పదేళ్లకోసారి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు ఇరవై అయిదు నుంచే, ఇంకా దగ్గర దగ్గరగా చేయించుకోవాలి. హెచ్‌పీవీ టీకా వేయించుకున్నవాళ్లకూ పరీక్ష తప్పదు, టీకా అన్ని రకాల వైరస్‌నూ ఆపదు.

ల్యాబ్‌ల మీద అసలు ఫిర్యాదు ఇదే. హెచ్‌పీవీ నమూనా ఆడవాళ్లు ఇంట్లోనే, బాత్రూంలో, మెత్తటి బ్రష్‌తో తామే తీసుకోవచ్చు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సరేనంది. ఇంటికొచ్చే సర్వీసుకు అతికినట్టు సరిపోయే పరీక్ష అది. దాన్ని వెతికితే గానీ కనపడని మూలన పెట్టి, ముందు వరుసలో సీఏ-125 అమ్ముతున్నారు. కొనేటప్పుడు ‘హై రిస్క్ హెచ్‌పీవీ డీఎన్‌ఏ’ అని ఉందో లేదో చూడండి. నమూనా తీసేముందు రెండు రోజులు లోపల క్రీములు, కడుక్కోవడాలు వద్దు.

పెద్దపేగుకు మలంలో రక్తం చూసే ఫిట్ పరీక్షా ఇంటికి సరిపోయేదే. నలభై అయిదు దాటినవాళ్లు ఏటా చేయించుకోవచ్చని అమెరికా సిఫారసు. దాన్ని పాత ‘అకల్ట్ బ్లడ్’తో కలపకండి, పాతదానికి మాంసం, విటమిన్ సి మూడు రోజులు మానాలి, ఫిట్‌కు పథ్యం లేదు. మొలలు కారుతున్నప్పుడు, నెలసరిలో నమూనా తీయకండి. మన ఎండల్లో గొట్టం గంటల తరబడి స్కూటర్ పెట్టెలో ఉంటే రక్తం ఆనవాలు కరిగి తప్పుడు నెగెటివ్ వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తీసిన వెంటనే పంపండి, లేదా ఫ్రిజ్‌లో ఉంచండి.

రొమ్ముకు నర్సు చేత్తో చేసే పరీక్ష, నలభై దాటాక రెండేళ్లకోసారి మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే. నెలసరి అయిన వారానికి వెళితే నొప్పి తక్కువ. ఆ రోజు పౌడరు, డియోడరెంట్ వద్దు, అవి ఫిల్ము మీద సున్నపు చుక్కల్లా పడతాయి. రిపోర్టులో అనుమానం ఎంతో చెప్పే అంకె ‘బైరాడ్స్’. ‘బైరాడ్స్ 0’ అంటే ఏమీ లేదని కాదు, చూడటం ఇంకా పూర్తికాలేదని. పాత ఫిల్ములు తీసుకెళితే ఆ సున్నా చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

పీఎస్‌ఏ మగవాళ్ల ప్యాకేజీలో కాస్తో కూస్తో అర్థమున్న పరీక్ష, అదీ 55 నుంచి 69 మధ్య, డాక్టరుతో మాట్లాడుకున్నాక. మూత్రంలో ఇన్ఫెక్షన్, రెండు రోజుల్లోపు వీర్యస్కలనం, సైకిలు తొక్కడం దాన్ని పెంచుతాయి. ప్రోస్టేట్ వాపుకు, జుట్టు రాలడానికి వాడే ఫినాస్టరైడ్ మాత్ర సగానికి దించుతుంది. ఊపిరితిత్తులకు ఛాతీ ఎక్స్‌రే దండగ. తక్కువ రేడియేషన్‌తో తీసే లో డోస్ సీటీ కూడా ఇరవై ఏళ్లు రోజుకో పెట్టె తాగినవాళ్లకే, అదీ ఇరవై సిగరెట్ల పెట్టె లెక్కన. మన దుకాణంలో దొరికే పది సిగరెట్ల పెట్టె అయితే రోజుకు రెండు. పాత టీబీ మచ్చలుంటే ముందే చెప్పాలి, లేకపోతే అదే గడ్డ అనుకుంటారు.

ప్యాకేజీ ఇప్పటికే కొనేసి, ఏదో మార్కర్ ఎర్రగా వచ్చిందా? నేరుగా పెట్ స్కాన్‌కు పరుగెత్తకండి. మూడు నాలుగు వారాలాగి అదే ల్యాబులో, అదే మెషీన్ మీద మళ్లీ చేయించండి, కంపెనీ మారితే అంకె మారుతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే మూడు రోజుల ముందు ఆపండి, కొన్ని మెషీన్లలో అది ఫలితాన్ని తారుమారు చేస్తుంది. రెండో అంకె మొదటిదానికి దగ్గరగానో తక్కువగానో ఉంటే ఫిజీషియన్‌కు చూపిస్తే చాలు, ఎగబాకుతుంటే రెండు రిపోర్టులూ పట్టుకుని క్యాన్సర్ డాక్టరు (ఆంకాలజిస్టు) దగ్గరికి.