పాత టేకు తలుపా, కొత్త ఫ్లష్ డోరా?

కెనడాలోని విన్నిపెగ్‌లో 1991లో మొదలైన హ్యాబిటాట్ రీస్టోర్ లాంటి దుకాణాల్లో, జనం ఉచితంగా ఇచ్చిన ఇంటి సామాను అమ్మి ఆ డబ్బును పేదల ఇళ్లకు వాడతారు. ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు పాత పెంకుటిల్లు కూలుస్తుంటే మాత్రం పాత తలుపుల బేరం నేరుగా యజమానితోనో మేస్త్రీతోనో ఆడుకోవాల్సిందే.

పాత టేకు ఏళ్ల తరబడి ఎండి ఉంటుంది. వానాకాలంలో ఉబ్బి బిగుసుకోవడం తక్కువ. కానీ రెక్కలొక్కటే కొనకండి, గుమ్మంతో సహా అడగండి. పాతకాలం తలుపులు పొట్టివి, ఇప్పటి ఏడడుగుల గుమ్మానికి సరిపోవు. అడుగు భాగంలో స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే చెదో పుచ్చో ఉన్నట్టే, ఎంత చవకైనా వదిలేయండి. రంగు గీకించేటప్పుడు ఇంకో టెన్షన్: ఇళ్ల రంగుల్లో విషపదార్థమైన సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017లోగానీ అమల్లోకి రాలేదు. అందుకే పాత రంగును పొడిగా గీకకుండా తడిపి గీకాలి. పిల్లలు దగ్గర ఉండకూడదు.

ప్లైవుడ్ పొరలు అతికించి చేసే నున్నటి ఫ్లష్ డోర్‌కి ఈ గొడవేం లేదు. కొలత చెప్తే షాపువాళ్లు ఇస్తారు, బిల్లూ ఉంటుంది. కాకపోతే అంచుల్లో నీరు దిగితే పొరలు విడిపోతాయి.

వీధి గుమ్మానికైతే నా ఓటు టేకుకే, వడ్రంగి కూలి కలిపినా సరే. లోపలి గదులకు ఫ్లష్ డోర్ చాలు. బాత్రూమ్‌కి రెండూ వద్దు, పీవీసీ పెట్టించండి.