యుద్ధరథం కిట్: గిర్రకు నూటికి నూరు, కాడికి సున్నా

హనుమకొండలోని ఒక వడ్రంగి కార్ఖానా బడుల కోసం అమ్ముతున్న ప్రాచీన ఈజిప్టు యుద్ధరథం కిట్ ఇది. ధర 1,450 రూపాయలు. కొలత అసలు రథంలో ఆరో వంతు. పొనికి కర్ర ముక్కలు, వంచిన వెదురు బద్దలు, సన్నని తోలు వార్లు, ఎనిమిది పేజీల పుస్తకం పెట్టెలో వస్తాయి. గుర్రాలు, ఫెవికాల్ మనమే తెచ్చుకోవాలి. సోషల్ టీచర్లు తప్పకుండా కొనాల్సిన వస్తువే. కాకపోతే తొట్టి అడుగు, గుర్రాల మెడ మీది కాడి సరిచేసుకున్నాకే పిల్లల ముందు పెట్టాలి.

రథం అనగానే మన పిల్లలకు ధర్మపురి, వేములవాడ రథోత్సవాలు గుర్తొస్తాయి. ఎత్తుగా లేచిన ఆ తేరును మోకులు పట్టి ఎందరో కలిసి లాగాలి. యుద్ధరథం తీరే వేరు. ఈజిప్టు రథం బరువు ముప్పై నలభై కిలోల మధ్యే ఉండేది, ఇద్దరు మనుషులు ఎత్తి పక్కన పెట్టొచ్చు. అంత తేలిక అనుకోకుండా రాలేదు. ఇరాక్‌లోని ఊర్ నగరంలో దొరికిన, సుమారు క్రీ.పూ. 2500 నాటి పలక మీద నాలుగు గిర్రల యుద్ధబండ్లు ఉన్నాయి. వాటి గిర్రలకు ఆకుల్లేవు (ఆకులంటే గిర్ర నడుమ నుంచి అంచు దాకా ఉండే కర్రలు), అన్నీ నిండు చెక్కలే. క్రీ.పూ. 2000 ప్రాంతానికి ఉరల్ పర్వతాల దక్షిణాన సింతాష్టా సమాధుల్లో ఆకులున్న గిర్రల అచ్చులు మట్టిలో కనిపిస్తాయి. నిండు చెక్క పోయి ఆకులు రావడంతోనే గుర్రం పరుగుకు తగ్గ బండి సాధ్యమైంది.

ఈ కిట్‌లో అన్నిటికన్నా మెచ్చుకోవాల్సింది గిర్రే. మన ఎడ్లబండికైతే కుంభికి, అంటే గిర్ర నడిమి దిమ్మకు, తొలిచిన రంధ్రాల్లో ఆకులు దిగ్గొట్టి, పైన అంచు ముక్కలైన పూటీలు ఎక్కించి, ఇనుప పట్టా బిగిస్తారు. ఈజిప్టు పద్ధతి అది కాదు. కర్రను మధ్యలో మడిచినట్టు వంచి ఆరు పంగలు చేస్తారు. ఒక్కో పంగ 60 డిగ్రీలు. ఆరింటినీ కుంభి చుట్టూ పేర్చితే పక్కపక్క పంగల కాళ్లు జతపడి ఒక్కో ఆకు అవుతుంది. అంటే ఒక్కో ఆకులో రెండు సగాలు, మొత్తం ఆరు ఆకులు. వాటిని జిగురుతో అతికి, తడి పచ్చితోలు చుట్టేవారు. తోలు ఆరేకొద్దీ ముడుచుకుని దానంతటదే బిగుస్తుంది. కార్ఖానా వాళ్లు దీన్ని ఉన్నదున్నట్టు పట్టుకున్నారు. గిర్ర వ్యాసం 15 సెంటీమీటర్లు, అసలు లెక్కలో 90. కుంభిని కూడా పొడుగ్గానే ఉంచారు. కుంభి పొట్టిదైతే గిర్ర ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతుంది, వేగంగా మలుపు తిప్పినప్పుడు ఆకుల మొదళ్లు విరుగుతాయి.

బిగించేటప్పుడు పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ గిర్ర దగ్గరే. పంగలను ఒక్కొక్కటిగా అతికిస్తూ పోతే ఆరోది పట్టదు, కొద్దికొద్ది తేడాలన్నీ చివరికి అక్కడ పోగుపడతాయి. ముందు ఆరింటినీ జిగురు లేకుండా పేర్చి రబ్బరు బ్యాండు వేయాలి. సందులు సమానంగా ఉన్నాయని చూసుకున్నాకే జిగురు పెట్టాలి. తోలు వారును అరగంట నీళ్లలో నానబెట్టి చుట్టి, ఒక రాత్రంతా నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే ఒక పక్క ముందే ముడుచుకుని గిర్ర సొట్టపోతుంది. ఇరుసుకు కుంభికి మధ్య గోరుమందం సందు ఉండాలి. కందెనగా ఆనాడు జంతువుల కొవ్వు వాడేవారు, కిట్‌కు కొవ్వొత్తి మైనం చాలు. నూనె మాత్రం వద్దు, పొనికి కర్ర పీల్చేసుకుంటుంది. పొనికి మెత్తని కర్ర కాబట్టి కడశీల (గిర్ర ఊడకుండా ఇరుసు చివర దిగ్గొట్టే చీల) రంధ్రం కూడా తొందరగా వదులవుతుంది. రంధ్రం చుట్టూ దారం గట్టిగా చుట్టి జిగురు పూస్తే నిలుస్తుంది.

ఇరుసును మనుషులు నిలబడే తొట్టి వెనక అంచు కిందే పెట్టారు. అది సరైన చోటే. మధ్యలో పెడితే బరువంతా గిర్రల మీదే తూగుతుంది. వెనక్కి జరిపితే కొంత బరువు నొగ (తొట్టి నుంచి కాడి దాకా ఉండే పొడుగు కర్ర) మీదుగా గుర్రాలకు చేరి, మలుపుల్లో తొట్టి ఎగిరిపడదు.

అడుగు మాత్రం ప్లైవుడ్. ఇది పెద్ద లోపం. అసలు రథాలకు అడుగు తోలు వార్లతో అల్లేవారు, మన నులక మంచంలాగే. స్ప్రింగుల్లేని ఆ బండిలో నిలబడి బాణం వేసేవాడికి రాళ్ల మీది కుదుపును ఆపింది ఆ అల్లికే. బరువు లెక్కా తప్పుతోంది. 35 కిలోల రథాన్ని పొడవు, వెడల్పు, ఎత్తు మూడింట్లోనూ ఆరో వంతుకు తగ్గిస్తే 160 గ్రాములు రావాలి. ఈ కిట్ 240 తూగుతోంది. ప్లైవుడ్ తీసేసి, చట్రానికి మిగిలిన తోలు వార్లు అడ్డం నిలువు అల్లితే అదనపు బరువులో చాలావరకు పోతుంది.

ఇక కాడి. ఎడ్లబండి కాడినే చిన్నదిగా చేసి గుర్రాల మెడ మీద పెట్టమన్నారు. ఎద్దుకు మూపురం ఉంది, కాడి దానికి ఆని నిలుస్తుంది. గుర్రానికి ఆ ఆసరా లేదు. వట్టి కాడి జారిపోతుంది, జారకుండా గొంతు పట్టీ బిగిస్తే గుర్రానికి ఊపిరాడదు. ఈ చిక్కును ప్రాచీనులు ఎలా విప్పారో 1922లో బయటపడ్డ ఈజిప్టు రాజు టుటంకామున్ సమాధిలోని ఆరు రథాలు చూపించాయి. కాడికి రెండు వైపులా తలకిందులుగా ఒక్కో పంగకర్ర కట్టేవారు. దాని రెండు కాళ్లు గుర్రం భుజాలకు ముందు రెండు పక్కలా కూర్చుంటాయి, లోపల తోలు మెత్త ఉంటుంది. లాగే బలం గొంతు మీద కాక భుజం మీద పడుతుంది. ఈ రెండు పంగకర్రలు లేకపోతే అంత తేలికైన గిర్రకు అర్థమే లేదు. కొవ్వొత్తి సెగ మీద వెదురు బద్ద వంచి, ఏడెనిమిది సెంటీమీటర్ల ఎత్తున వీటిని మనమే చేసుకోవచ్చు.

పుస్తకంలో బొమ్మలు బాగున్నాయి, రాత మీద అంత శ్రద్ధ లేదు. ఈజిప్టుకు, ఇప్పటి టర్కీ ప్రాంతపు హిట్టైట్లకు మధ్య క్రీ.పూ. 1274లో జరిగిన కాదేష్ యుద్ధంలో ఈజిప్టు రథానికి ముగ్గురు, హిట్టైట్ రథానికి ఇద్దరు అని అచ్చయింది. ఈజిప్టు రాజు రామ్సెస్ చెక్కించిన శిల్పాల్లో ఉన్నది దీనికి తిరగేసి: ముగ్గురున్నది హిట్టైట్ల రథంలో. రథాలు కాల్బలాన్ని గుద్దుకుంటూ చొచ్చుకుపోయేవన్న మాట కూడా ఈ రథానికి నప్పదు. ఇది దూరం నుంచి బాణాలు కురిపించి పక్కకు తప్పుకునే బండి. గుద్దడానికే ఇరుసులకు కొడవళ్లు కట్టిన పర్షియన్ రథాలు సైతం క్రీ.పూ. 331లో గౌగమేలా దగ్గర అలెగ్జాండర్ సేన అయిన మాసిడోనియన్ల మీదికి దూసుకెళ్తే, వాళ్లు వరుసలు విడదీసి దారిచ్చారు. దాంతో ఆ దాడి వృథా అయింది.

నేల ఎలా ఉండాలన్నది పుస్తకంలో అసలే లేదు. కర్ణుడి రథచక్రం కుంగిన కథ తెలిసిన పిల్లలకు చెప్పడం తేలిక. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున పురుషోత్తముడి కొడుకు తెచ్చిన రథాలు వాన బురదలో కూరుకుపోయి అలెగ్జాండర్‌ సేన చేతికి చిక్కాయి. తరగతిలో రెండు ట్రేలు పెట్టండి, ఒకదాంట్లో పొడి చెలక మట్టి, రెండోదాంట్లో తడిపిన నల్లరేగడి. తొట్టిలో 600 గ్రాముల బరువు వేసి లాగించండి, ఇద్దరు మనుషుల బరువుకు ఈ కొలతలో అది సరిపోతుంది. తడి రేగడిలో సన్నని గిర్ర ఎంత లోతుకు దిగిందో పిల్లలతోనే స్కేలు పెట్టి కొలిపించండి.

ఆర్డరు ఇచ్చేటప్పుడే ప్లైవుడ్ అడుగు వద్దని, దాని బదులు రెండు మీటర్ల తోలు వారు ఎక్కువ ఇవ్వమని అడగండి. వెదురు పంగలు రెండు అదనంగా తీసుకోండి, చుట్టేటప్పుడు ఒకటైనా చిట్లుతుంది.