కొబ్బరి అన్నం కోసం కొన్న స్టాండు కోరు: ఏడాదిన్నర వాడాక నా మాట

మా ఇంట్లో కొబ్బరి అన్నం దాదాపు రెండేళ్లు ఆగిపోయింది. కారణం అమ్మ మోకాళ్లు. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని, దాని చివరనున్న కోరుకి చిప్ప ఆనించి అటూ ఇటూ తిప్పుతుంటే కింద పళ్లెంలో తెల్లగా తురుము రాలేది. నేనూ చెల్లీ ఆ పళ్లెం పక్కనే కాచుకుని కూర్చునేవాళ్లం, ఓ గుప్పెడు తీసుకుని పంచదార కలుపుకుని తినడానికి. మోకాళ్ల నొప్పులు ముదిరాక డాక్టరు కింద కూర్చోవద్దన్నారు, దాంతో కత్తిపీట అటక మీదకి వెళ్లింది, కొబ్బరి అన్నం కూడా దాంతోపాటే వెళ్లిపోయింది. మాది కోనసీమ, అంబాజీపేట సంతకి కాయలు వెళ్లే దారిలోనే మా ఊరు, అలాంటి ఇంట్లో కొబ్బరి అన్నం లేకుండా నవరాత్రులు గడిచాయంటే మాకు ఎంత వెలితిగా అనిపించిందో చెప్పలేను.

అందుకే ఈ స్టాండు కోరు గురించి ఇంత వివరంగా రాస్తున్నాను. పేరు ఏదైనా, మార్కెట్లో దొరికేవన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి: అడుగున రబ్బరు చిప్ప, దాన్ని గట్టుకి అతికించే లివరు, పైన చేత్తో తిప్పే పిడి, రెండో చివర పళ్లున్న స్టీలు బ్లేళ్ల గుత్తి. ఏడాదిన్నరగా వాడుతున్నాను, వారానికి రెండు కాయలకి తక్కువ కాదు, కార్తీకమాసంలో అయితే లెక్కే లేదు.

దీనికి ముందు మిక్సీతో చేశాను. కొబ్బరి ముక్కలు చిన్నగా కోసి పల్స్‌లో తిప్పితే చాలు కదా అనుకున్నాను. తురుము వచ్చిందనిపించింది కానీ అది తురుము కాదు, నలిగిన కొబ్బరి. మిక్సీ బ్లేడు కొబ్బరిని కోయడం కన్నా చితకగొట్టడమే ఎక్కువ, దాంతో పాలు గిన్నెలోనే బయటికి వచ్చేస్తాయి, కొంచెం ఎక్కువ తిప్పితే వేడికి నూనె కూడా తేలుతుంది. పైగా కొన్ని ముక్కలు పలుకులుగా మిగిలిపోతాయి. అది అన్నంలో కలిపితే మెతుకు మెతుకూ అతుక్కుని ముద్దయింది. అమ్మ ఒక ముద్ద తిని, "పచ్చడి కలిపిన అన్నంలా ఉందే, కొబ్బరి ఏదీ?" అంది. ఆ మాట నిజం. కోరిన తురుములో పాలు ఆ సన్నటి పోగులోనే ఉండిపోతాయి, నమిలినప్పుడు నోట్లో విడుదలవుతాయి. కొబ్బరి అన్నం రుచి అంతా అక్కడే ఉంది.

కొట్లో దొరికే ఎండు కొబ్బరి పొడి ప్యాకెట్టు కూడా వాడి చూశాను. లడ్డూలకీ బర్ఫీలకీ బాగుంటుంది, అన్నానికి మాత్రం పొట్టు కలిపినట్టే ఉంటుంది, గోరువెచ్చటి పాలల్లో పావుగంట నానబెడితే కాస్త నయం. కొబ్బరి అన్నం పొడి అని రెడీమేడ్ మిక్సులు కూడా అమ్ముతున్నారు, ఒకటి తెచ్చాను, పోపు గింజల వాసనే తప్ప కొబ్బరి జాడ లేదు, మళ్లీ కొనలేదు.

మొదటి కోరు ఆన్‌లైన్‌లో 380 రూపాయలకి తెప్పించాను. నాలుగు నెలలకే లివరు దగ్గర ప్లాస్టిక్ పగిలింది. కస్టమర్ కేర్‌కి ఫోటోలు పంపాను, రెండు మెయిళ్లు పెట్టాను, సమాధానమే రాలేదు. చిప్ప చేతిలో పట్టుకుని తిప్పుతుండగా స్టాండు మొత్తం ఊడి ముందుకి వచ్చింది, పక్కన మా బాబు నిలబడి ఉన్నాడు, వాడికి ఏమీ కాలేదు కానీ ఆ రోజు నాకు చాలా టెన్షన్ అయింది. ఇప్పుడు వాడుతున్నది రెండోది, ఊరెళ్లినప్పుడు స్టీలు సామాన్ల కొట్లో చేత్తో పట్టుకుని, లివరు నాలుగుసార్లు నొక్కి చూసి మరీ 550 పెట్టి తెచ్చాను. లివరు లోహంది ఉన్నదే తీసుకోండి, నూటయాభై ఎక్కువైనా సరే. బ్లేళ్లు ఊగుతున్నాయేమో వేలితో కదిపి చూడండి, ఊగితే వద్దు. కొట్టాయన గాజు బల్ల మీద అతికించి చూపించారు, నేను లాగినా కదల్లేదు, అప్పుడు డబ్బులిచ్చాను.

ఇంక వాడకం. గ్రానైట్ గట్టు మీద అయితే అద్భుతంగా పట్టుకుంటుంది. గట్టు మీద పిండి, నూనె జిడ్డు లేకుండా తుడిచి, రబ్బరు అడుగున తడిచెయ్యి ఒకసారి రాసి లివరు నొక్కాలి. టైల్సు అతుకులున్న గట్టు మీద మాత్రం గాలి దూరి ఊడిపోతుంది, చెక్క టేబుల్ మీద అస్సలు పట్టదు. మా డైనింగ్ టేబుల్ పైన గాజు ఉంది కాబట్టి అమ్మ అక్కడ కుర్చీలో కూర్చుని తిప్పుతుంది. ఇది కొన్నదే అందుకు.

చిప్పని ఎడమచేత్తో వెనకనుంచి పట్టుకుని బ్లేళ్ల మీదకి ఆనించి, కుడిచేత్తో పిడి తిప్పాలి. గట్టిగా నొక్కకూడదు, నొక్కితే తురుము ముతకగా వస్తుంది, చెయ్యి కూడా నొప్పి పుడుతుంది. తేలిగ్గా ఆనిస్తే సన్నగా, వెన్నెల పొడిలా రాలుతుంది. మొదట సర్‌సర్‌మని మెత్తటి చప్పుడు వస్తుంది, తెల్లటిది అయిపోయి నల్ల పొట్టు తగలగానే ఆ చప్పుడు కరకరగా మారుతుంది, అక్కడ ఆపేసి చిప్పని కొంచెం పక్కకి తిప్పుకోవాలి. ఈ చప్పుడు పట్టుకోవడం రెండు మూడు కాయలకే అలవాటవుతుంది. పొట్టు కలిస్తే అన్నం బూడిదరంగులోకి వస్తుంది, రుచి కూడా కాస్త వగరుగా ఉంటుంది. మిక్సీలో అయితే ముందు పొట్టంతా చెక్కుకోవాలి, ఇక్కడ ఆ పనే లేదు. ఒక చిప్ప కోరడానికి నాకు మూడు నాలుగు నిమిషాలు, అమ్మకి ఇంకా తక్కువే.

చిప్ప అంచుల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త, బ్లేడు పళ్లు వేళ్లకి తగులుతాయి. ఇంకో సంగతి, ఎవరూ ముందు చెప్పరు: కాయ సరిగ్గా రెండు చిప్పలుగా పగిలితేనే ఇది పనికొస్తుంది. మూడు ముక్కలైతే పట్టుకోవడానికి ఉండదు, అప్పుడు మళ్లీ మిక్సీయే గతి. కాయ నడుము చుట్టూ తడిచేసి, కత్తి వెనకభాగంతో తిప్పుతూ చుట్టూ కొడితే చక్కగా రెండుగా విచ్చుకుంటుంది. లేత కాయ తేవద్దు, లోపలి కొబ్బరి మెత్తగా జారిపోతుంది. బరువుగా ఉండి, ఊపితే నీళ్లు గలగలమనే ముదురు కాయ, కళ్ల దగ్గర తడీ బూజూ లేనిది చూసుకోవాలి.

ఇప్పుడు అన్నం ఎలా చేస్తానో చెప్తాను, కోరు బాగుందో లేదో తేలేది అక్కడే. పావుకిలో బియ్యానికి మధ్యరకం కాయలో ఒక చిప్ప సరిపోతుంది, మాకు కొబ్బరి ఎక్కువ ఇష్టం కాబట్టి చిప్పన్నర వేస్తాను. సోనా మసూరి పాత బియ్యం, గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు పోసేవాళ్లయితే పావు గ్లాసు తగ్గించండి. వండగానే వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, చెంచాడు నెయ్యి వేసి మెతుకు విరగకుండా కలిపి పక్కన పెట్టాలి. వేడన్నంలో కలిపితే ఎంత మంచి తురుమైనా ముద్దే అవుతుంది.

పోపుకి నేను నెయ్యీ నువ్వుల నూనే సగం సగం వేస్తాను. కొబ్బరి నూనె అయితే ఇంకా మంచి వాసన వస్తుంది, కానీ మనవాళ్లలో చాలామందికి ఆ వాసన రాగానే తలకి రాసుకునేదే గుర్తొస్తుంది, మా ఆయనా అంతే. ముందు జీడిపప్పు వేయించి తీసేసి, అదే మూకుడులో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, తర్వాత చీల్చిన పచ్చిమిర్చి, సన్నగా తరిగిన అల్లం, కరివేపాకు రెండు రెబ్బలు, ఇంగువ. పప్పులు ఎర్రగా వేగాలి, తెల్లగా ఉంటే పంటికింద పచ్చిగా తగులుతాయి. మంట బాగా తగ్గించి తురుము వెయ్యాలి, ఉప్పు కూడా తురుములోనే వెయ్యాలి, అప్పుడే అంతటా సమానంగా పడుతుంది. ఒక్క నిమిషం, మహా అయితే నిమిషన్నర తిప్పండి. పచ్చివాసన పోయి, తియ్యటి కమ్మటి వాసన మొదలవగానే, తురుము ఇంకా తెల్లగా ఉండగానే పొయ్యి ఆపేయాలి. రంగు మారిందంటే అది వేరే వంట. అప్పుడు అన్నం వేసి కలిపి మూతపెట్టి పది నిమిషాలు వదిలెయ్యండి, ఆ పది నిమిషాల్లోనే కొబ్బరి వాసన మెతుక్కి పడుతుంది. పసుపు వద్దు, నిమ్మకాయ వద్దు. పక్కన బంగాళదుంప వేపుడు, అప్పడం ఉంటే చాలు, అతిథులొస్తే గుత్తివంకాయ.

కొబ్బరి పాల అన్నానికి కూడా ఈ తురుమే హాయి. వేడినీళ్లు పోసి చేత్తో పిసికి, పల్చటి బట్టలో పిండితే చిక్కటి పాలు వచ్చేస్తాయి, రెండోసారి పల్చటివి. రెండూ కలిపి మామూలుగా పోసే నీళ్ల కొలతకి సరిపెట్టి, లవంగం, చెక్క, యాలకులు, పుదీనా వేసి సన్నసెగ మీద వండుతాను. పెద్దమంట మీద పాలు విరిగినట్టవుతాయి. కోడికూరతో ఇది తిన్నవాళ్లు మామూలు పలావు అడగరు.

చెల్లి డల్లాస్‌లో ఉంటుంది, అక్కడ ఇండియన్ స్టోర్ల ఫ్రీజర్‌లో దొరికే కొబ్బరి తురుము ప్యాకెట్టు వాడుతుంది. పోయిన వేసవిలో నెల రోజులు వాళ్లింట్లో ఉన్నప్పుడు నేనూ దాంతో చేశాను. నిజంగా బాగానే ఉంది, ఎండు పొడి కన్నా ఎన్నో రెట్లు మేలు, కాకపోతే పూర్తిగా మంచు కరిగి, గది వేడికి వచ్చాక, చేత్తో పొడిపొడిగా విడదీశాకే మూకుడులో వెయ్యాలి. మామూలు అమెరికన్ షాపుల్లో బేకింగ్ సామాన్ల దగ్గర దొరికే తురుములో చాలావాటికి పంచదార కలిపే ఉంటుంది, ప్యాకెట్టు మీద చదవకుండా కొనొద్దు. తాజా కాయలు దొరికే చోట ఉన్నవాళ్లకి మాత్రం ఈ కోరు ముందు ఫ్రీజర్ ప్యాకెట్టు నిలబడదు.

లోపాలు కూడా చెప్పాలి. కొత్తది తెచ్చాక మొదటిసారి కోరినప్పుడు తురుములో నల్లటి గ్రీజు మరకలు పడ్డాయి, ఆ చిప్పంతా పారేశాను. తెచ్చిన వెంటనే వేడినీళ్లలో సబ్బుతో బ్రష్ పెట్టి రుద్ది, ఒక ముక్క కొబ్బరి కోరి పారేశాకే వాడండి. బ్లేళ్లు స్టీలువే గానీ పిడికీ బ్లేళ్లకీ మధ్య ఉన్న ఇనుప కడ్డీ తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది, కడిగాక పొడిగుడ్డతో తుడిచి, కడ్డీ తిరిగే చోట ఒక చుక్క కొబ్బరి నూనె వేస్తాను. ఏడాది దాటాక బ్లేళ్లు బిగించే నట్టు రెండుసార్లు వదులైంది, చేత్తోనే బిగించాను. రబ్బరు మెల్లగా గట్టిపడుతోంది, ఇదివరకులా ఒక్క నొక్కుకి పట్టుకోవట్లేదు, ఇంకో ఏడాదికి మార్చాల్సి రావచ్చు, రబ్బరు ఒక్కటీ విడిగా అమ్మితే ఎంత బాగుండేదో. అరచేతిలో బలం తక్కువగా ఉన్న పెద్దవాళ్లకి లివరు నొక్కడం కూడా కష్టమే, మా అమ్మకి నేనే బిగించి ఇస్తాను. ఇవన్నీ చూసి కూడా ఐదుకి నాలుగు ఇస్తాను, లివరు లోహంది కాకపోతే రెండు కూడా ఇవ్వను.

కార్తీకంలో గుడినుంచి వచ్చిన చిప్పలు ఒక్కోసారి ఎనిమిదీ పదీ చేరతాయి. వాటిని ఆ రోజే కోరి, ఒక్కో చిప్ప తురుము ఒక్కో కవరులో పల్చగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టేస్తాం. రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి చిప్ప జిగురెక్కుతుంది, అది కోరినా వాసన వస్తుంది. మొన్న ఆదివారం మిగిలిన ఆఖరి రెండు కవర్లు తీసి కొబ్బరి అన్నం చేశాం, అమ్మ రెండోసారి వడ్డించుకుంది.